రోల్ కాల్ నుంచి లా క్లాసు దాకా
గుంటూరు, ప్రకాశం మైదానంలో మన చరిత్ర

పోయినేడు మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, మా హాస్టల్లో ఉండి ఇంటర్ పూర్తి చేసి వెళ్ళిన అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. ఎరుకల పిల్ల. ఇప్పుడు ఒక చిన్న విశ్వవిద్యాలయంలో లా చదువుతోంది. ఆ కోర్సులో నేరాలు, పోలీసు, కోర్టు, జైలు, వీటన్నిటినీ కలిపి చెప్పే క్రిమినాలజీ పేపరు ఒకటి ఉంది. ఫోన్ పెట్టేశాక క్లాసు నోట్సులో ఒక పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. ‘నేరస్థుల్లో రకాలు’ అని శీర్షిక. ఆవేశంలో నేరం చేసేవాళ్ళు, అలవాటుగా చేసేవాళ్ళు, వృత్తిగా చేసేవాళ్ళు, ఆ తరువాత ‘వంశపారంపర్య నేరస్థులు’. దాని పక్కన ఉదాహరణగా కొన్ని తెగల పేర్లు. వాటిలో ఎరుకల పేరు ఉంది.

కింద తను ఇలా రాసింది. ‘మేడమ్, ఇది పరీక్షలో వస్తే ఏం రాయాలి? నోట్సులో ఉన్నట్టు రాస్తే మార్కులు వేస్తారు.’

మేము టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్ళం. నోట్సులో ఉన్నట్టు రాయండమ్మా, సొంత కవిత్వం వద్దు అని ఏళ్ళ తరబడి పిల్లలకు చెబుతూ వచ్చినవాళ్ళం. ఈసారి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ‘రెండు రోజులు టైమివ్వమ్మా’ అన్నాం. రెండు రోజులనుకున్నది నెలలు పట్టింది. పుస్తకాలు తెప్పించుకొని, చట్టాలు చదివి, పెద్దవాళ్ళను అడిగి మేము తెలుసుకున్నదే ఈ వ్యాసం. ఆ అమ్మాయికి చెప్పిన జవాబునే సావనీరు చదివే మన పిల్లలందరికీ చెబుతున్నాం. ఈ ఏడు ఇంకొందరు లా లోనూ, పోలీసు పరీక్షల్లోనూ అడుగుపెడుతున్నారు కదా.

ముందు ఊళ్ళను ఒకసారి గుర్తు చేసుకుందాం. విజయవాడ నుంచి కృష్ణ దాటగానే వచ్చేది సీతానగరం. అక్కడి నుంచి గుంటూరు వైపు కొద్ది దూరం వెళితే నాగార్జున విశ్వవిద్యాలయం. 1976లో మొదలైంది, న్యాయశాస్త్రం కూడా చెబుతారు. రైలెక్కి తెనాలి మీదుగా బాపట్ల దాటితే స్టువర్టుపురం స్టేషన్. ఆ తరువాత చీరాల, వేటపాలెం, ఉప్పు కొటార్ల చినగంజాం, ఒంగోలు. ఇంకా దక్షిణానికి పోతే నెల్లూరు జిల్లా కావలి. ఈ దారిలో సీతానగరం, స్టువర్టుపురం, కావలి ఒకప్పుడు ‘సెటిల్‌మెంట్లు’. అంటే, నేరస్థ జాతుల చట్టం కింద మనవాళ్ళను తెచ్చి ఉంచిన చోట్లు. యూనివర్సిటీలో చెప్పే క్రిమినాలజీ పాఠానికి ఇంత దగ్గర్లో ఇన్ని ఊళ్ళున్నాయి. అయినా పాఠం చెప్పేవాళ్ళు, వినేవాళ్ళు బస్సెక్కి ఒకసారి వెళ్ళి చూసినట్టు మేమైతే వినలేదు.

ఆ చట్టానికి ముందు మనవాళ్ళు ఏం చేసేవాళ్ళు? దీనికి జవాబు ఎరుకల వారి శాఖల పేర్లలోనే ఉంది. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల. ఉప్పు మోసినవాళ్ళు, కరివేపాకు అమ్మినవాళ్ళు, వెదురు దబ్బలు చీల్చి బుట్టలు అల్లినవాళ్ళు, సాలెవారి మగ్గాలకు కుంచెలు కట్టినవాళ్ళు. సముద్రపు ఒడ్డున పండిన ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకొని లోపలి పల్లెలకు తీసుకెళ్ళి, అక్కడి నుంచి ధాన్యం, చింతపండు తెచ్చుకొనేవారు. సుగాలీల ఎడ్ల బిడారుల సంగతి మనకు తెలిసిందే. దారుల్లేని చోటికి సరుకు చేర్చింది ఈ జనమే. వాళ్ళు రాకపోతే మెట్ట పల్లెల్లో చప్పిడి కూడే.

ఈ బతుకు ఎలా కూలిపోయిందో మీనా రాధాకృష్ణ గారు 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు. మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ ప్రభుత్వం 1805లోనే ఉప్పును తన గుత్తాధిపత్యంలోకి తీసుకుంది. తరువాత రోడ్లు, రైళ్ళు వచ్చాయి. 1876-78లో ధాత కరువు వచ్చి పశువుల్ని, మనుషుల్ని ఊడ్చుకుపోయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురుకూ మేతకూ కంచె పడింది. 1899 నాటికి బెజవాడ నుంచి మద్రాసుకు కోస్తా వెంట రైలు నడిచింది. ఉప్పు బస్తా రైల్లో పోతుంటే గాడిద మీద తెచ్చిన ఉప్పు ఎవరు కొంటారు? పని పోయినా తిరగడం మాత్రం మానలేదు, ఎందుకంటే తిరిగితేనే కూడు. అలా పని లేకుండా తిరిగేవాడు పోలీసుల కంటికి అనుమానితుడయ్యాడు. ఉప్పు తెచ్చినప్పుడు ‘రా అబ్బీ’ అన్న గుమ్మమే ఉత్త చేతులతో వస్తే తలుపు వేసుకుంది.

చట్టం సంగతికి వద్దాం. లా చదివే పిల్లలు ఈ భాగం కొంచెం నిదానంగా చదవాలి.

నేరస్థ జాతుల చట్టం 1871 అక్టోబరు 12న వచ్చింది. అప్పుడు వైస్రాయి కౌన్సిల్లో న్యాయసభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. ఆయన పేరు లా విద్యార్థులందరికీ తెలుసు, 1872 సాక్ష్య చట్టం తయారు చేసింది ఆయనే కాబట్టి. నేరం మోపినవాడే రుజువు చేయాలి, ముద్దాయి చెడ్డవాడన్న పేరు సాధారణంగా సాక్ష్యానికి పనికిరాదు అన్న సూత్రాలను ఆ చట్టంలో చదువుకుంటాం. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఈ రెండు మాటలు 104, 49 సెక్షన్లలో అలాగే ఉన్నాయి. సాక్ష్య చట్టం ఆమోదం పొందింది 1872 మార్చిలో. దానికి ఐదు నెలల ముందు, అదే కౌన్సిల్లో, అదే న్యాయసభ్యుడి హయాంలో, ఒక తెగ మొత్తానికి చెడ్డపేరు పెట్టి ఆ పేరునే రుజువుగా తీసుకొనే చట్టం పాసయింది. ఏ తెగనైనా నేరస్థ జాతిగా ప్రకటిస్తే ఆ ప్రకటన చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ అడగరాదని కూడా అందులో రాశారు.

ఇది తెలిసినప్పుడు మా హాస్టల్లో ఆ ఇద్దరు చట్టాల తేదీలను బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించాం. పదో తరగతి పిల్ల ఒకతె లేచి, ‘మేడమ్, సారుకు రెండు పేపర్లలో రెండు రకాల జవాబులెలా వచ్చాయి?’ అని అడిగింది. స్టీఫెన్ మీద ఇంతకంటే మంచి ప్రశ్న మాకు ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

మొదట ఆ చట్టం ఉత్తరాదికే. మన మద్రాసు ప్రెసిడెన్సీకి 1911లో వచ్చిన కొత్త చట్టంతో చేరింది. 1924లో అన్నీ కలిపి మళ్ళీ రాశారు. దాని కింద తెగను నోటిఫై చేస్తారు. మనిషి పేరు రిజిస్టరులో ఎక్కిస్తారు. వేలిముద్రలు ఎప్పుడడిగితే అప్పుడివ్వాలి. చెప్పిన వేళకు వచ్చి హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే ముందే చెప్పుకోవాలి. సెటిల్‌మెంట్లో పెట్టే అధికారం సర్కారుది. ఆరేళ్ళు దాటి పద్దెనిమిది నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టవచ్చని కూడా ఉంది. ఒక మనిషి నేరం చేశాడా లేదా అన్న విచారణ వీటిలో దేనికీ అక్కర్లేదు, ఆ తెగలో పుడితే చాలు.

నోట్సులోని ఆ ‘వంశపారంపర్య’ అన్న మాట వెనుక ఎవరున్నారో వెతికితే ఒక వరస కనిపించింది. 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు ప్రెసిడెన్సీలోని ‘నేరస్థ వర్గాల’ మీద పుస్తకం వేశాడు. 1905లో ఎం. పాపారావు నాయుడు గారు ఎరుకల, కొరవల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. ఆయన రైల్వే పోలీసు అధికారి, మనవాడే. 1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. ఇప్పటికీ కులాల చరిత్ర అనగానే అందరూ తెరిచేది అదే. అందులో కొరవల గురించిన భాగం చాలావరకు ఈ పోలీసు అధికారులు రాసినదాన్ని తీసుకొని అల్లినదే. పోలీసు రాసినదాన్ని మ్యూజియం ఆయన ఎత్తి రాశాడు, మ్యూజియం ఆయన రాసినదాన్ని పాఠ్యపుస్తకం ఎత్తింది, పాఠ్యపుస్తకం నుంచి గైడు, గైడు నుంచి క్లాసు నోట్సు. స్టేషన్లో అనుమానంగా మొదలైనది నూరేళ్ళు తిరిగేసరికి మన పిల్ల పరీక్ష జవాబైంది. ఈ వరసలో ఒక్కరైనా ఎరుకల వారిని కూర్చోబెట్టి, ఉప్పు పోయాక ఎలా బతికారని అడిగి రాసి ఉంటే మనకు ఎంత చరిత్ర మిగిలేది!

పాపారావు నాయుడు గారి మీద మాకు కోపం కంటే ఎక్కువగా బాధ ఉంది. తెలుగు తెలిసినవాడు, మన ఊళ్ళ మీదుగా పోయే రైళ్ళలో పనిచేసినవాడు. ఆయనకు దొరికినంత సమాచారం తెల్లదొరలకు దొరికేది కాదు. చదువుకున్న మనవాడు మన గురించి రాస్తే అది తప్పకుండా మన పక్షాన ఉంటుందని అనుకోవడం పొరపాటని ఆయన్ని చదివాక అర్థమైంది. రేపు మన పిల్లలు పోలీసు ఉద్యోగాల్లోకి వెళతారు. వాళ్ళ చేతికీ రిజిస్టరు వస్తుంది.

స్టువర్టుపురం పేరు కూడా ఈ వరసలోదే. సర్ హెరాల్డ్ స్టువర్టు మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడు. అంతకుముందు 1891 జనాభా లెక్కల్ని మద్రాసులో నడిపించినవాడు, తరువాత మద్రాసు పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా చేసినవాడు. కులాల్ని లెక్కపెట్టిన చేయి, పోలీసును నడిపిన చేయి ఒకటే. ఆ పేరే ఊరి పేరైంది. 1913, 14 ప్రాంతంలో అక్కడ సెటిల్‌మెంటు మొదలైంది. నడిపించింది రక్షణ సైన్యం, అంటే సాల్వేషన్ ఆర్మీ. ఇండియాలో ఆ సంస్థను నెలకొల్పిన బూత్ టక్కర్ అంతకుముందు ఐ.సి.ఎస్. అధికారి. నేరాన్ని ఒక రోగంగా, సెటిల్‌మెంటును ఒక ఆసుపత్రిగా చూపిస్తూ ఆయన పుస్తకం కూడా రాశాడు. సీతానగరం సెటిల్‌మెంటూ రక్షణ సైన్యం కిందే ఉండేది. కావలిది అమెరికన్ బాప్టిస్టు మిషన్ చూసుకుంది.

‘చికిత్స’ ఏమిటంటే పని. సీతానగరంలో రాతి క్వారీ. స్టువర్టుపురంలో సాగు, అది చాలకపోతే చీరాలలో ఇండియన్ లీఫ్ టుబాకో కంపెనీ వారి పొగాకు పని. ఐ.ఎల్.టి.డి. అంటే చీరాలలో ఇప్పటికీ తెలియనివారుండరు. పొగాకు పంట గుంటూరు నేలలో విస్తరిస్తున్న కాలమది, కంపెనీకి కూలీలు కావాలి. పని మానేసి పోవడానికి వీల్లేని కూలీ ఇంకెక్కడ దొరుకుతాడు? సెటిల్‌మెంటు విడిచి వెళితే అది చట్టం ప్రకారం నేరం. సంస్కరణ అన్నదాంట్లో ఎంత సంస్కరణ ఉంది, ఎంత కూలి అవసరం ఉంది అని క్లాసులో చర్చ పెడితే బాగుంటుందని మా అభిప్రాయం.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అక్కడి పెద్దవాళ్ళలో కొందరు మిషనరీలను ప్రేమగా తలుచుకుంటారు. బడి, ఆసుపత్రి వచ్చింది అప్పుడే. ఆ బడుల్లో చదివి టీచర్లు, నర్సులు అయినవాళ్ళున్నారు. రోల్ కాల్ పెట్టింది, అ ఆలు నేర్పింది ఒకే చేయి. ఈ రెంటిలో ఒకదాన్ని తీసేసి చరిత్ర రాస్తే అది మళ్ళీ ఎవరి నోట్సో అవుతుంది.

ఇక్కడ మా ఉద్యోగం గురించి ఒక్క మాట. రోజూ రాత్రి భోజనాలయ్యాక హాస్టల్లో మేము హాజరు తీసుకుంటాం. వరసలో నిలబెట్టి పేర్లు పిలుస్తాం. కొన్నేళ్ళుగా బయోమెట్రిక్, పిల్ల వేలు మిషను మీద పెట్టాలి. తల్లిదండ్రులు మిరప కోతలకు వెళ్ళి పిల్లను కూడా తీసుకుపోతే హాజరు పడిపోయిందని పైనుంచి మెమో వస్తుంది, మేము తండాకు వెళ్ళి బతిమాలి తీసుకొస్తాం. ఈ పనులన్నీ పిల్లల మేలుకే. ఆ సంగతిలో మాకు అనుమానం లేదు. కానీ 1911 చట్టంలో పిల్లల సెక్షన్ చదివిన రాత్రి హాజరు పుస్తకం చేతిలోకి తీసుకుంటే కొంచెం బరువుగా అనిపించింది. ఒక ముసలావిడ మనవరాలిని హాస్టల్లో చేర్పించడానికి వచ్చి, ‘మళ్ళీ ఎప్పుడిస్తారమ్మా?’ అని ఎందుకడిగిందో అప్పుడు తెలిసింది. అప్పట్లో మేము నవ్వాం.

చట్టం పోవడానికి మన జిల్లాల పక్కనే పెద్ద పోరాటం జరిగింది. నెల్లూరులో వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం జీవితమంతా పనిచేశారు. 1936 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూ గారు నెల్లూరు వచ్చినప్పుడు, ఒక తెగ మొత్తాన్ని పుట్టుకతో నేరస్థులనడం నాగరిక సూత్రాలకే విరుద్ధమని, ఈ చట్టాన్ని తీసేయాలని మాట్లాడారు. మద్రాసు రాష్ట్రం 1947లోనే దాన్ని రద్దు చేసింది. 1949లో కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షులు తిరుపతి ప్రాంతానికి చెందిన అనంతశయనం అయ్యంగార్ గారు. ఆ కమిటీ సిఫారసు తరువాత 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అందుకే ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటున్నాం. మన గుంటూరు, నెల్లూరు ప్రాంతాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోవి కాబట్టి మనకు ఆ విముక్తి ఐదేళ్ళు ముందే వచ్చిందన్నది చాలామందికి తెలియదు.

వచ్చింది గానీ, మరుసటి ఏడే 1948లో మద్రాసు ప్రభుత్వం ‘అలవాటు నేరస్థుల’ చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు 1962లో సొంత చట్టం వచ్చింది. వీటిలో తెగ పేరు లేదు, మనిషికి పడిన శిక్షలే లెక్క. చట్టం మాట వరకు ఇది పెద్ద తేడా, ఒప్పుకోవాలి. అయితే స్టేషన్లోని రిజిస్టర్లు, వాటిని రాసే చేతులు అవే. తెలుగులో మనం తిట్టుగా వాడే ‘కేడీ’ అన్న మాట ఎక్కడిదో తెలుసా? మద్రాసు పోలీసు రికార్డుల్లోని ‘నోన్ డెప్రడేటర్’. అంటే, తెలిసిన దొంగ. రెండు మొదటి అక్షరాలు కలిసి కేడీ అయింది. తెలిసినవాడు ఎవరికి, ఎలా తెలిసినవాడు అని అడిగేవారు లేక ఆ మాట మన ఇళ్ళ దాకా వచ్చింది.

స్టువర్టుపురం మీద దొంగతనాల పేరు పడింది ఈ కాలంలోనే. దొంగతనాలు జరగలేదని మేమనం. ముఠాలు ఉన్నాయి, దూర ప్రాంతాలకు వెళ్ళి చేసినవాళ్ళూ ఉన్నారు, జైళ్ళకు వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. చేసినవాడికి చట్టం ఉంది, అది తన పని తాను చేయవచ్చు. చేయనివాడి సంగతే ఇక్కడ ప్రశ్న. 1991లో ఆ ఊరి పేరు పెట్టి సినిమా తీశారు, 2023లో ఆ ఊరి దొంగ పేరుతో మరొకటి. సినిమా ఆడినన్ని రోజులు పిల్లలు కాలేజీ ఫారాల్లో ఊరి పేరు రాయడానికి వెనకాడారు. 1970ల్లో హేమలతా లవణం గారు, లవణం గారు ఆ ఊరికి వెళ్ళి ఇల్లిల్లూ తిరిగి, దొంగతనాలు మానేసినవాళ్ళకు భూమి, పని ఇప్పించడానికి ప్రభుత్వంతో కొట్లాడారు. హేమలత గారు మన వినుకొండ జాషువా గారి కుమార్తె. అంటరానితనం మీద తండ్రి పద్యాలు రాశారు. కూతురు దొంగ ముద్ర ఉన్న వాడకు వెళ్ళి కూర్చున్నారు. క్రిమినాలజీ పుస్తకాల్లో సంస్కరణ అధ్యాయానికి విదేశీ ఉదాహరణలు ఎన్నో ఉంటాయి. ఈ భార్యాభర్తల పేరు ఒక పేరాలోనైనా ఉంటే చూడాలని మాకు కోరిక.

మొదట చెప్పిన అమ్మాయి లా లో చేరడానికి కారణం కూడా చెప్పాలి. తను తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళ ఊళ్ళో ఒక రైతు మిరప కల్లం నుంచి టిక్కీలు పోయాయి. ఆ కల్లానికి రాత్రి కాపలా వాళ్ళ నాన్నే. పల్నాడు, ప్రకాశం పల్లెల్లో పత్తికీ మిరపకీ కాపలా పెట్టుకొనేది మనవాళ్ళనే, పోతే ముందు పట్టుకొనేదీ మనవాళ్ళనే. ఆయన్ని రెండు రాత్రులు స్టేషన్లో కూర్చోబెట్టారు. టిక్కీలు వేరేచోట దొరికాక పంపించేశారు. అరెస్టు చూపలేదు, ఎక్కడా పేరు రాయలేదు. కాగితం ప్రకారం ఆ రెండు రాత్రులు జరగనే లేదు. పట్టుకున్నవాణ్ణి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణంలో ఉందని ఇంటర్లో పౌరశాస్త్రం చదివేటప్పుడు ఆ పిల్లకు తెలిసింది. పుస్తకం తెచ్చి మాకు చూపించి, ‘మా నాన్నకు ఇది వర్తించదా మేడమ్?’ అంది. వర్తిస్తుందమ్మా అన్నాం. అప్పుడు మేము చెప్పిన ధైర్యం కంటే మాకున్న ధైర్యం తక్కువ. నిజం చెప్పాలంటే ఎస్సై గారిని అడగడానికి మేము కూడా స్టేషన్ గడప తొక్కలేదు. ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంటుందని 1987 చట్టం చెబుతోంది. అది కూడా అప్పుడు మాకు తట్టలేదు.

ఇప్పుడు కొత్త తీర్పులున్నాయి. 2024 మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, విముక్త జాతులకు, వెనుకబడిన వర్గాలకు చెందిన నిరపరాధుల పేర్లను హిస్టరీ షీట్లలో యాంత్రికంగా ఎక్కించే అలవాటు గురించి మాట్లాడి, రాష్ట్రాలన్నీ తమ విధానాలను చూసుకోవాలని చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న, జర్నలిస్టు సుకన్యా శాంత గారు వేసిన కేసులో, జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నియమాలను కొట్టేసింది. విముక్త జాతులవారిని అలవాటు నేరస్థులుగా చూసే రాతలు కూడా చెల్లవంది. ఆ తీర్పులో 1871 చట్టం చరిత్ర పేజీలకు పేజీలుంది. లా విద్యార్థులు దాన్ని పూర్తిగా చదవాలి. రద్దయిన చట్టం గురించి 72 ఏళ్ళ తరువాత కూడా దేశపు పెద్ద కోర్టు రాయాల్సి వచ్చిందంటే అది ఎక్కడెక్కడ దాక్కుని ఉందో ఆలోచించండి.

ఇక పరీక్ష జవాబు. మేము అమ్మాయికి ఇలా చెప్పాం. ప్రశ్న వస్తే, ‘వంశపారంపర్య నేరస్థులు అనే వర్గీకరణ ఉండేది’ అని రాయి. ఎవరు పెట్టారో, ఏ చట్టం కింద పెట్టారో, ఏ ఏడాది పెట్టారో, ఏ ఏడాది రద్దయిందో రాయి. పక్కన స్టీఫెన్ సాక్ష్య చట్టం పెట్టు. చివర సుకన్యా శాంత తీర్పు పెట్టు. కోపంగా రాయకు, తేదీలతో రాయి. తేదీలకు మార్కులు వేయక తప్పదు.

తీరా చూస్తే ఆ ప్రశ్న పరీక్షలో రానే లేదు. ప్రొబేషన్ మీద అడిగారట. చదివిందంతా వృథా అయిందని రెండు రోజులు మా మీద అలిగింది. తరువాత అదే విషయం మీద క్లాసులో సెమినార్ ఇచ్చింది. పోయేముందు స్టువర్టుపురం వెళ్ళి ఇద్దరు పెద్దవాళ్ళతో మాట్లాడి వచ్చింది. వాళ్ళలో ఒకాయన ముందు మాట్లాడనన్నారట. ‘మళ్ళీ రాసుకుపోవడానికి వచ్చావా?’ అని అడిగారట. తను కుర్రు భాషలో జవాబు చెప్పాక మంచం మీద చోటిచ్చారు. సెమినార్ అయ్యాక లెక్చరర్ గారు ఆ నోట్సు తాను చదువుకున్న రోజుల నుంచీ అలాగే వస్తోందని చెప్పి, ఆమె కాగితాలు జిరాక్సు తీసుకున్నారు. వచ్చే ఏడు జూనియర్ల నోట్సు ఎలా ఉంటుందో చూడాలి. ఫోటో పంపమని చెప్పి ఉంచాం.

ఈలోగా మనందరికీ ఒక విన్నపం. మన ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున, బైబిల్ పేజీల మధ్య, చూరులో గుడ్డ మూటల్లో సెటిల్‌మెంటు కాలం నాటి కాగితాలు ఉండి ఉంటాయి. ఊరు దాటడానికి ఇచ్చిన పాసులు, హాజరు చీటీలు, బడి సర్టిఫికెట్లు, పొగాకు కంపెనీ కూలి చీటీలు. అవమానంగా తోచి చించేయకండి. ఫోటో తీసి అసోసియేషన్‌కు పంపండి. పేరు బయటపెట్టవద్దంటే పెట్టం. ఎనభై దాటిన పెద్దలు ఇంట్లో ఉంటే, ఈ సంక్రాంతికి పిల్లలు ఊరికి వచ్చినప్పుడు ఫోన్‌లో రికార్డు చేయించండి. మొదట ఉప్పు గురించి అడగండి. రోల్ కాల్ గురించి తరువాత అడగవచ్చు.